పిల్లలకోడి లెక్క

1993 డిసెంబరులో, అంతరిక్షంలో తిరుగుతున్న పెద్ద దుర్భిణికి కళ్లద్దాలు పెట్టారని వార్త వచ్చింది. అప్పుడు నేను నల్లగొండలో ఒక బాలికల పాఠశాలలో లెక్కల టీచరును. ఉపాధ్యాయుల గదిలో ఆ వార్త చదివి అందరూ నవ్వుకున్నారు. మూడేళ్ల కింద అంత ఆర్భాటంగా పైకి పంపిన యంత్రానికి చూపు మసకని తేలడం, మనుషులు అక్కడికి వెళ్లి దానికి అద్దాలు అమర్చి రావడం నవ్వు పుట్టించే సంగతే. "మా అత్తకు గూడ ఇట్లనే అయింది మేడం, ఎవరియో అద్దాలు ఈమెకు ఇచ్చిండ్రు" అంది ఒకామె.

నేను నవ్వలేదు. ఆ దుర్భిణి అద్దాన్ని అరగదీసేటప్పుడు అంచు దగ్గర వెంట్రుక మందంలో యాభయ్యో వంతు తేడా వచ్చిందని వార్తలో ఉంది. ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. నా మనసు ముప్పై ఒక్క ఏళ్లు వెనక్కి, మా అవ్వ ముక్కు మీదికి పోయింది.

అవ్వ అంటే మా నాయన తల్లి. నాయనను నేను బాపు అనేదాన్ని. మాది ఆలేరు స్టేషన్లో దిగి ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణం చేస్తే వచ్చే నేత ఊరు. మా ఇంట్లో చిటికి పని చేసేవాళ్లు. తెలియని వాళ్ల కోసం చెప్తాను. నూలును చట్రం మీద పరిచి, గీసుకున్న గుర్తుల ప్రకారం అక్కడక్కడా గట్టిగా కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. కట్లు విప్పి, మరోచోట కట్టి, మరో రంగులో ముంచుతారు. మగ్గం ఎక్కి నేస్తుంటే ఆ తెలుపూ ఎరుపూ నీలమూ ఒకదానికొకటి తగిలి పువ్వో చిలుకో అవుతాయి. కట్టు నాలుగు పోగుల మందం పక్కకు జరిగితే పువ్వు రేకు విరిగిపోతుంది. ఆ సంగతి తెలిసేది నేసేటప్పుడే. అప్పటికి దిద్దడానికి ఏమీ మిగలదు.

మా ఇంట్లో కట్టు కట్టేది అవ్వ. కట్టడానికి సైకిలు ట్యూబును సన్నగా చీరిన పట్టీలు వాడేది. మగ్గం, రంగుల పొయ్యి బాపువి. రాట్నం, వంట, మిగిలిన పనులన్నీ అమ్మ.

కట్టేవాళ్లకు మా ఇంట్లో ఒక పరీక్ష ఉండేది. అది అవ్వ పెట్టిందే. పొద్దుగూకి చుక్కలు తేరుకున్నాక వాకిట్లో నిలబడి పిల్లలకోడిని చూసి పిల్లలెన్నో చెప్పాలి. పంచాంగం వాళ్లు కృత్తిక అంటారు. మా వైపు అది పిల్లలను రెక్కల కింద పెట్టుకున్న కోడి. ఆరు, అంతకు పైన కనబడితే మరునాడు కట్టుకు కూర్చోవచ్చు. ఐదైతే కూర్చోవద్దు. మబ్బు పట్టిన రోజు నిన్నటి లెక్కే చెల్లుతుంది. ఎండాకాలంలో అది సాయంత్రం ఆకాశం వదిలి పోతుంది. మళ్లీ కార్తీకంలో తూర్పున లేచేదాకా చివరిసారి చెప్పిన లెక్కే లెక్క. నేను తొమ్మిది చెప్పేదాన్ని. బాపు ఏడు చెప్పేవాడు. అవ్వ వయసులో ఉన్నప్పుడు పది చెప్పేదట. నాకు తెలిసినప్పటి నుంచి ఏడు చెప్పేది.

ఆ పరీక్షలో మొదట తప్పినవాడు మా తాత. ఆయన ఐదు చెప్పిన సాయంత్రం నేను ఇంకా పుట్టలేదు. అమ్మ చూసింది. కొత్తగా కాపురానికి వచ్చిన రోజులట. తాత "ఐదు" అనగానే అవ్వ ఆయన చేతిలోని పట్టీల కట్ట తీసుకుని, "ఇగ నువ్వు చట్రం కాడికి రాకు" అన్నదట. కోపంగా కాదు, కూరలో ఉప్పు చాలలేదన్నట్టు అన్నదట. నాకు గుర్తున్న తాత గోడకు ఆనుకొని నూలు కండెలు చుడుతూ, చట్రం వైపు వీపు పెట్టి కూర్చునేవాడు. 1957లో చనిపోయేదాకా ఆయన ముఖం ఇటు తిరగలేదు.

1961 డిసెంబరు మొదట్లో ఎక్కడో తుఫాను పట్టి మా వైపు వాన లేకుండా మబ్బు మూసుకుంది. నేను ఏడో తరగతి. అన్నాలు తిన్నాం. బాపు, నేను గొంగళ్లు కప్పుకొని వాకిట్లో ఉన్నాం. అమ్మ లోపల గిన్నెలు కడుగుతోంది. పక్కింటామె పొయ్యిలోకి నిప్పు అడగడానికి వచ్చి ముచ్చట్లో పడింది. ఆకాశంలో ఒక్క చుక్క లేదు. మరునాడు కొత్త నూలు పరచాలి కాబట్టి దాని గురించే మాట్లాడుకుంటున్నాం.

అవ్వ లోపలి నుంచి వచ్చి తూర్పు వైపు తలెత్తి నిలబడింది. అరచెయ్యి కనుబొమ్మ మీద పెట్టుకుంది. ఎప్పుడూ పట్టేంత సేపే చూసింది.

"ఏడు" అంది.

పక్కింటామె పక్కున నవ్వింది. "అక్కా, ఇంత మబ్బుల నీకు ఏడెట్ల కానొచ్చినయే? మాకు ఒక్కటన్న లేదాయె. మీ కోడి మీ ఇంటి మీదనే తిరుగుతాందా ఏంది?"

నేను నోరు తెరవబోతే బాపు నా మణికట్టు పట్టుకున్నాడు. పక్కింటామె నవ్వు మధ్యలోనే ఆగింది. ఆమెకూ అర్థమైంది.

అవ్వ చెయ్యి ఇంకా కనుబొమ్మ మీదే ఉంది. "నిన్నటి లెక్క చెప్పిన" అంది.

"నిన్న గూడ మబ్బే గదనే అక్కా" అంది పక్కింటామె. ఈసారి మాట చాలా మెత్తగా వచ్చింది.

అవ్వ లోపలికి వెళ్లిపోయింది. పక్కింటామె నిప్పు తీసుకోవడం మరిచిపోయి ఉత్త పెంకుతో ఇంటికి పోయింది.

మబ్బుకూ చుక్కలకూ తేడా తెలియనంతగా అవ్వ చూపు ఎప్పటి నుంచి పోయిందో మాకు తెలియదు. అంతకు ముందు ఎన్ని సాయంత్రాలు జ్ఞాపకం నుంచే ఏడని చెప్పిందో కూడా తెలియదు. కానీ ఆ రెండేళ్లుగా మా చీరల పువ్వులు అక్కడక్కడా విరుగుతున్న మాట నిజం. అవ్వ ఆ తప్పు బాపు రంగు మీద వేసేది. రంగు కట్టు కిందికి పాకిందనేది. నీలం నీలంగా లేదని, బురదగుంటలా ఉందని తిట్టేది. బాపు ఎదురు చెప్పేవాడు కాదు. మళ్లీ కొలిచి, మళ్లీ కాచి, మళ్లీ ముంచేవాడు.

మరునాడు పొద్దున అవ్వ స్నానం చేసి వచ్చి చట్రం ముందు కూర్చోలేదు. పట్టీల కట్ట తెచ్చి అమ్మ ఒళ్లో పెట్టింది.

"నీ కండ్లు మంచిగున్నయి. కట్టు."

"గట్లంటె ఎట్ల అత్తా? నాకు నీ చెయ్యి వస్తదా?"

"చెయ్యి వస్తది. కన్నే రాదు." అవ్వ గోడ వైపు చూసింది. తాత కూర్చునే చోటు అది. "నేను ఆయినెకు చెప్పిన మాట నాకు నేను చెప్పుకోవద్దా?"

వెళ్లి ఆ గోడకు ఆనుకొని కూర్చుంది. కండెల బుట్ట ముందుకు లాక్కుంది. అవ్వ వీపు కూడా చట్రం వైపే తిరిగింది.

ఇంట్లో ఎవరూ ఆమెను పనికిరానిదని అనలేదు. ఆమే అనుకుంది. అన్నం సగం తినేది. ఎవరైనా చీర కొంగు చూపించి బాగుందా అని అడిగితే, "కండ్లున్నోళ్లను అడుగు" అనేది. అవ్వకు కావలసింది చూపొక్కటే కాదు, చట్రం ముందు ఆమె చోటు. అది మాకందరికీ తెలుసు. అది తిరిగి రావాలంటే పిల్లలకోడి తప్ప వేరే దారి లేదని కూడా తెలుసు. ఎందుకంటే ఆమె ఇంకే దారీ ఒప్పుకోదు.

మా బడిలో లెక్కల సారు బాపుకు చెప్పాడు. నల్లగొండ సర్కారు దవాఖానకు కొత్తగా కళ్ల డాక్టరు వచ్చాడని, మోతిబిందు, అంటే కంటి శుక్లం, తీస్తే చాలామందికి చూపు వస్తోందని. జనవరిలో బాపు అవ్వను తీసుకుపోయాడు. కుడి కన్ను పండిందని, ఎడమది ఇంకా పండలేదని డాక్టరు చెప్పి, ఫిబ్రవరి మొదటి వారంలో రమ్మన్నాడు.

ఆ వారం మీదనే లోకం కన్నంతా ఉంది. ఎనిమిది గ్రహాలు మకరరాశిలో కూడుతున్నాయని, ప్రళయం వస్తుందని ఊరూరా చెప్పుకుంటున్నారు. ఎక్కడ చూసినా హోమాలు, భజనలు. పంచాంగం లెక్కకు అవి ఎనిమిదే. కానీ అందులో సూర్యుణ్ణీ చంద్రుణ్ణీ కేతువునూ తీసేస్తే మిగిలేవి ఐదే. ఆ తీసివేత నేను అప్పుడే చేసుకున్నాను. అయినా భయం తగ్గలేదు.

పక్కింటామె వచ్చి కూర్చుంది. "అక్కా, గా అష్టగ్రహం దాటిపోనీ. అందరం పోయే యాళ్లకు నువ్వు కన్ను కోయించుకునుడేంది?"

"అందరు పోయేదుంటె కన్నుతోని పోతె ఏంది, లేక పోతె ఏంది?" అంది అవ్వ.

"నీకు భయం లేదా?"

"ఉన్నది. కన్నుకు భయపడుతున్న. గ్రహాలకు ఎందుకు భయపడాలె?"

లెక్కల సారు మాకు బళ్లో చెప్పిన మాట నేను ఇంట్లో చెప్పాను. ఆ ఐదు గ్రహాలూ ఇప్పుడు సూర్యుడున్న వైపే ఉన్నాయి, ఆయనతోనే లేచి ఆయనతోనే కుంకుతాయి, కాబట్టి కూడినా ఎవరి కంటికీ కనిపించవు అన్నాడు సారు. అవ్వ శ్రద్ధగా విన్నది.

"కానరాకున్నా ఉన్నయంటె నమ్ముత" అంది. "అవి ఇంత దూరమొచ్చి ఒక్క ముసలిదాని కన్ను మీద పగబట్టినయంటె మాత్రం నమ్మ."

నల్లగొండకు బాపు, నేను ఆమెతో వెళ్లాం. అమ్మ మగ్గం పని చూసుకుంది. దవాఖానలో ఆ వరుస మంచాలు ఖాళీగా ఉన్నాయి. ఆ వారం రమ్మన్నవాళ్లలో చాలామంది రాలేదు. డాక్టరు నడివయసు మనిషి, హైదరాబాదు నుంచి వచ్చినాయన, మాటలో ఉర్దూ తీరు ఉండేది.

"అమ్మా, గ్రహాల ఫికర్ లేదా మీకు? మా కాంపౌండరే సెలవు అడుగుతున్నడు."

"లోకం ఉంటె నాకు కండ్లు గావాలె సారూ. లేకుంటె మీకు గూడ పని ఉండది."

ఆయన నవ్వి, "అయితె ఇద్దరం పని చేసుకుందాం" అన్నాడు.

ఇప్పుడు ఈ ఆపరేషన్ టీ తాగినంత సేపట్లో అయిపోతోంది. అప్పుడు అలా కాదు. కన్ను కోసి లోపలి బిళ్లను మొత్తంగా తీసేవాళ్లు. తర్వాత రెండు కళ్లకూ కట్టు కట్టి, తల కదలకుండా రెండు వైపులా ఇసుక సంచులు పెట్టి, రోజుల తరబడి వెల్లకిలా పడుకోబెట్టేవాళ్లు. దగ్గవద్దు, తుమ్మవద్దు, నవ్వవద్దు. బాపు ఆమె కాళ్ల దగ్గర, నేను తల దగ్గర. దూరంగా వీధిలో భజన తాళాలు వినబడుతుండగా, గ్రహాలు కూడిన ఆ మూడు రోజులూ అలాగే గడిచాయి.

అవన్నీ అయిన మరునాటి పొద్దున అవ్వ పెదవులు కదిలాయి. "బిడ్డా, ఉన్నమా?"

"ఉన్నమవ్వా."

"మీ బాపు?"

"ఉన్నడు. గురక పెడుతున్నడు."

"అయితె లోకం ఉన్నట్టే. జర ఛాయ్ పొయ్యి."

చెంచాతో పోశాను. నవ్వు ఆపుకోవడానికి నేను పెదవి కొరుక్కున్నాను. ఆమె నవ్వితే కుట్టు ఊడుతుందని నా భయం.

కన్ను మానిన తర్వాత, మార్చి నెల నడుమ, అద్దాల కోసం మళ్లీ నల్లగొండ వెళ్లాం. బిళ్ల తీసేసిన కంటికి ఆ రోజుల్లో గాజు పలక లాంటి మందపాటి అద్దం ఇచ్చేవాళ్లు. డాక్టరు తన చేతులతో ఆమె చెవులకు తగిలించి, "ఇది ముక్కు మీద ఎక్కడ కూర్చుంటె మంచిగ కానొస్తదో మీరే చూసుకోవాలె అమ్మా. జర ముందుకు జరిపితె ఒక తీరు, వెనకకు జరిపితె ఒక తీరు ఉంటది" అన్నాడు. అవ్వ తలూపింది. అద్దాలలో నుంచి ఆయన ముఖం చూసి, "మీరు ఇంత చిన్నోళ్లా సారూ" అంది. ఆయన గొంతు విని ఇంకా పెద్దవాడనుకుంది. వస్తూ వస్తూ ఆయన చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకోబోతే ఆయన వద్దని, "కన్ను రుద్దకండి" అన్నాడు. ఆ మాట నాకు ఎప్పుడు గుర్తొచ్చినా ఆయన మీద గౌరవం పెరుగుతుంది. దండం కంటే తాను బాగుచేసిన కన్ను ముఖ్యమనుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి వాకిట్లో తీగ మీద ముంచిన నూలు ఆరుతోంది. అవ్వ గుమ్మం దాటకుండా దాని దగ్గరే ఆగిపోయింది.

"గీ నీలి ఎవలు ముంచిండ్రు?"

"నేనే" అన్నాడు బాపు.

"కొత్త రంగు తెచ్చినవా?"

"లేదు. నిరుడు ముంచిన నీలే."

అవ్వ నూలు చేతిలోకి తీసుకుని ఒక్కొక్క పాయా ఎండకు పట్టి చూసింది. పండిన మోతిబిందు అన్నిటినీ పసుపు పచ్చ చేస్తుందని, నీలాన్ని చంపేస్తుందని నేను చాలా ఏళ్ల తర్వాత చదివి తెలుసుకున్నాను. అవ్వకు అది ఆ వాకిట్లోనే తెలిసింది.

"రెండేండ్లు నిన్ను తిట్టిన కొడుకా. రంగు మంచిగనే ఉండె."

"తిట్టుడు నీకు అలవాటు, ఇనుడు నాకు అలవాటు" అన్నాడు బాపు. "లోపలికి నడువు. ఎండల నిలబడొద్దన్నడు డాక్టరు."

ఆ మాటలు అంటూ ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. మా బాపుకు ఆ రోజు అందిన క్షమాపణ ఆయన జీవితంలో అందుకున్న ఒకే ఒక్క క్షమాపణ అనుకుంటాను. అది చాలని ఆయన తర్వాత చాలాసార్లు చెప్పాడు.

ఇక మిగిలింది పిల్లలకోడి. అప్పుడు వెన్నెల రోజులు. పున్నమి దాటి సాయంత్రాలు చీకటి పడేదాకా ఆగాలి. మరో పక్క కోడి పడమటికి దిగిపోతోంది. ఇంకో నెలైతే సూర్యుడి వెలుగులో మునిగిపోతుంది. ఆ లోపల ఆరు చెప్పకపోతే కార్తీకం దాకా అవ్వ గోడ దగ్గరే.

పున్నమి వెళ్లాక మొదటి చీకటి సాయంత్రం అందరం వాకిట్లో నిలబడ్డాం. పక్కింటామె కూడా వచ్చింది, ఈసారి నిప్పు కోసం కాదు. అవ్వ అద్దాలు సర్దుకుని పడమటి వైపు తలెత్తింది. చాలా సేపు చూసింది.

"ఐదు" అంది.

 మరునాడూ ఐదే. ఆ తర్వాతా ఐదే. ఒకనాడు బాపు ఉండబట్టలేకపోయాడు.

"ఐదయితె ఏందమ్మా? సూదిల దారం ఎక్కిస్తున్నవు, బియ్యంల రాళ్లు ఏరుతున్నవు. పొద్దున కట్టుకు కూసో. ఎవలు అడుగుతరు నిన్ను?"

"మీ నాయిన అడుగుతడు" అంది అవ్వ.

బాపు మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

కొత్త అమాస వచ్చింది. తెల్లారితే ఉగాది. ఆకాశం కాటుకలా ఉంది. కోడి పడమట చాలా కిందికి దిగింది. అవ్వ చూసింది. ఆమె ముఖం చూస్తేనే మళ్లీ ఐదని తెలిసిపోయింది. అప్పుడు అమ్మ ముందుకు వచ్చింది. నిజానికి అవ్వ గోడకే ఉండిపోతే చట్రం అమ్మదే అయ్యేది. నాలుగు నెలల్లో ఆమె చెయ్యి కూడా బాగా కుదిరింది.

"అత్తా, గా డాక్టరు ఏమన్నడు? ముంగటికి, వెనకకు జరుపుకొమ్మన్నడట గద."

"జరిపిన. నడుస్తె జారుతాంది, మళ్ల వెనకకు పోతాంది. ఒక్క తాన ఉంటె గద."

"చుక్కనే చూడు, నన్ను చూడకు." అమ్మ రెండు వేళ్లతో ఆ అద్దాలను ముక్కు మీద మెల్లగా కిందికి లాగింది. "ఇప్పుడు?"

"ఉహు."

"ఇప్పుడు?"

"ఆగు. ఆగు. గక్కడ."

అమ్మ అక్కడే వేళ్లతో పట్టుకుని, "పట్టీ తే బిడ్డా" అంది నాతో. చట్రం దగ్గర్నుంచి సైకిలు ట్యూబు పట్టీ తెచ్చి ఇచ్చాను. అద్దాలు తీసి, ముక్కు మీద ఆనే చోట ఆ పట్టీని నూలుకు చుట్టినట్టే బిగించి చుట్టింది, నాలుగు చుట్లు. ముడి కూడా చిటికి ముడే. మళ్లీ పెట్టింది. అద్దాలు ముక్కు మీద అంతకు ముందుకంటే ముందుకు వచ్చి కదలకుండా నిలబడ్డాయి. ఎంత ముందుకని అడిగితే బియ్యపు గింజ మందమంత.

అవ్వ తలెత్తింది. వేలు చాచి గాలిలో ఒక్కొక్కదాన్నీ తాకింది.

"ఆరు" అంది. కొంచెం ఆగి, "ఏడోది ఉన్నదని ఎరుకే. నాకు కానొస్తలేదు" అంది.

ఆ రెండో మాట వినగానే ఆమె నిజంగానే చూసిందని మాకందరికీ తెలిసింది. జ్ఞాపకం నుంచి చెప్పే మనిషైతే ఏడనేది.

ఉగాది పచ్చడి తిన్నాక అవ్వ చట్రం ముందు కూర్చుంది. అమ్మను పంపించలేదు. "నువ్వు గా దిక్కు కూసో" అంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో కట్టుకు ఇద్దరు.

1967లో ట్రైనింగ్ ముగించుకుని నేను మహబూబ్‌నగర్ జిల్లా కొత్తకోటలో టీచరుగా చేరాను. ఆడపిల్ల ఒంటరిగా ఉండొద్దని బాపు అవ్వను తోడు పంపాడు. రోడ్డు పక్క ఒక గది కిరాయికి తీసుకున్నాం. బెంగుళూరు వైపు పోయే లారీల మోతకు మొదట్లో ఆమెకు నిద్ర పట్టేది కాదు. చిన్న చట్రం ఒకటి వెంట తెచ్చుకుంది. నేను బడికి పోతే కట్టుకుంటూ కూర్చునేది. అద్దాలు మారాయి గానీ ముక్కు మీది పట్టీ మారలేదు.

1968 డిసెంబరులో పేపరులో చిన్న వార్త చదివాను. చుక్కలను చూడడానికి దుర్భిణులున్న ఉపగ్రహాన్ని అమెరికా వాళ్లు పైకి పంపారు. అంతకు ముందు ఒకటి పంపితే పనిచేయలేదు. ఇది పనిచేస్తోంది. సాయంత్రం అవ్వకు చదివి చెప్పాను.

"మబ్బుల మీదికెల్లి చూస్తదా?" అంది.

"మబ్బుల మీదికెల్లే. గాలి గూడ అడ్డముండదు."

"అయితె దానికి మబ్బు రోజు లేదన్నట్టు." అవ్వ నవ్వింది. "మంచి పని. నా తీరుగ ఇజ్జత్ పోగొట్టుకోదు."

ఏడేళ్ల కిందటి ఆ సాయంత్రం గురించి ఆమె మాట్లాడడం అదే మొదటిసారి. నేనూ నవ్వాను.

"ఏం చూస్తదట?"

"బాగ వేడిగున్న చుక్కలను. నీలి కంటె అవుతలి వెలుగు ఒకటుంటదట అవ్వా. మన కండ్లకు కానరాదు, కిందికి గూడ దిగదు. దాన్ని చూస్తదట."

"నీలి అవుతల గూడ రంగున్నదా?" పట్టీ చుట్టుతున్న చెయ్యి ఆపింది. "మరి దానికి గూడ మోతిబిందు తీసిండ్రా?"

వేళాకోళానికే అంది. కానీ బిళ్ల తీసేసిన కంటికి ఆ అవతలి వెలుగు కొద్దిగా తెలుస్తుందని తర్వాత ఎక్కడో చదివాను. అవ్వకు తెలిసిందో లేదో చెప్పలేను. అడిగే ఆలోచన వచ్చేనాటికి ఆమె లేదు. ఆపరేషన్ తర్వాత చుక్కలు తెల్లగా కాదు, నీలంగా ఉన్నాయని చాలాసార్లు అన్న మాట మాత్రం నిజం. పిల్లలకోడి చుక్కలు నీలం రంగువే. అది కూడా తర్వాత చదివిందే.

1990లో పంపిన పెద్ద దుర్భిణి గురించి నాకు దొరికినదంతా చదివాను. అద్దాలు పెట్టాక అది చూసినవాటిని ఇక్కడ వరుసగా రాయను, పుస్తకాలున్నాయి. మూడు చుక్కలు వరుసగా ఉండే గొర్రుకొయ్యల కింద పొగలా కనబడే చోట కొత్తగా పుడుతున్న చుక్కలున్నాయని, వాటి చుట్టూ దుమ్ము బిళ్లలు తిరుగుతున్నాయని, అవి రేపటి గ్రహాలు కావచ్చని చూపించింది. 1995లో ముసలమ్మ మంచం, అంటే సప్తర్షుల దగ్గర, ఏమీ లేదనిపించే ఒక ముక్క మీద పది రోజులు చూపు నిలిపింది. చాచిన చేతిలో ఇసుక రేణువు కప్పేంత జాగా అది. అందులో మన పాలపుంత లాంటి పాలవెల్లులు మూడు వేల దాకా దొరికాయి. ఉన్నదని ఎరుకే, కానొస్తలేదు అన్న మాట చాలా దూరం పోతుందని ఆ బొమ్మ చూసినప్పుడు అనుకున్నాను.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాత్రం చిన్న సంగతి. పిల్లలకోడి ఎంత దూరంలో ఉందన్న దాని మీద శాస్త్రజ్ఞులకే తగాదా ఉండేది. ఒక ఉపగ్రహం కొలత ప్రకారం అది దగ్గర. తర్వాత ఈ దుర్భిణితో కొలిచి, ఇంకా దూరమని, నాలుగు వందల నలభై కాంతి సంవత్సరాల దగ్గర ఉంటుందని చెప్పారు. వెంటనే కాగితం తీసుకుని తీసివేత చేశాను. 1962లో కొత్త అమాస సాయంత్రం అవ్వ కంట్లో పడిన వెలుగు 1522 ప్రాంతంలో బయలుదేరింది. గోల్కొండలో సుల్తానుల ఏలుబడి అప్పుడప్పుడే మొదలైంది. అప్పటి నుంచి ఎక్కడా ఆగకుండా వచ్చి, చివరి బియ్యపు గింజంత దూరం దగ్గర చిక్కుకుంది. దాన్ని ఆ కాస్త దాటించింది మా అమ్మ చేతి ముడి.

నేను ఎవరికెంత రుణపడ్డానో లెక్క తేలదు. పేరు తెలియని ఆ డాక్టరుకు, ఆ సారుకు, తిట్లన్నీ విన్న బాపుకు, దక్కబోయే చోటును ఇచ్చేసిన అమ్మకు. నవ్వి, తర్వాత నవ్వు ఆపుకున్న పక్కింటామెకు కూడా. ఆమె నవ్వకపోతే అవ్వ ఇంకెన్నాళ్లు ఏడని చెప్పేదో.

నాకు కూడా రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది. లోపలే బిళ్ల పెట్టారు, బయట గాజు పలక అవసరం లేదు. చలికాలం సాయంత్రాలు డాబా ఎక్కి చూస్తాను. నల్లగొండ దీపాల వెలుగు ఎక్కువైంది, వయసూ ఎక్కువైంది. నిరుడు ఐదు కనబడ్డాయి. ఐదనే చెప్పాను. మబ్బు పట్టిన రోజు మాత్రం నోరెత్తను.